నరసింగరావు కలిపిన వరసలు

లెంక నరసింగరావుకి ఈ భూమ్మీద ఇంతవరకు పరాయి మనిషి దొరకలేదు. కనిపించిన ప్రతివాణ్ణీ మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఏ ఊరు. ఇంటిపేరేటి. మీ అమ్మ కన్నోరిది ఏ ఊరు. మూడోదానికి జవాబు వచ్చేలోగా ఎదటివాడు ఆయనకి బావో, అల్లుడో, వరసకి తాతో అయిపోయేవాడు. అప్పుడు నరసింగరావు వంటింటి వైపు తిరిగి, పంట ఇంటికొచ్చినంత సంబరంగా చెప్పేవాడు.

"మనోడేనే. టీ ఎట్టు."

ఆ టీ పెట్టే మనిషి అప్పలనరసమ్మ. ఆయన భార్య. లోకమంతా ఆయనకి చుట్టమైతే, లోకమంతటికీ టీ కాచాల్సింది ఆవిడ. కాపరానికొచ్చిన కొత్తలో చిన్న ఇత్తడి చెంబు సరిపోయేది. తర్వాత సత్తుగిన్నె వచ్చింది. పిల్లలు పుట్టేసరికి అన్నం వండే తపేలా టీకి మారింది. ఇప్పుడు అమ్మవారి పండక్కి పులిహోర కలిపే డేగిసా పొయ్యి పక్కనే బోర్లించి ఉంటుంది. ఇంట్లో ఉండేది ఇద్దరే.

చీపురుపల్లికి ఆ పక్క ముంతవలసలో వాళ్ళ ఇల్లు. వీధి అరుగు మీద నరసింగరావు కుర్చీ. రోడ్డు అక్కణ్ణించి బాగా కనబడుతుంది. అదే చిక్కు.

ఒకసారి ఇద్దరూ పెళ్ళికని బస్సెక్కారు. కండక్టరు కొత్తవాడు.

"ఏ ఊరు బావూ?" అన్నాడు నరసింగరావు.

"టిక్కెట్టు తీసుకో తాతా."

"తీసుకుంటాను. ఏ ఊరు?"

"గజపతినగరం దగ్గర."

"దగ్గరంటే? గజపతినగరం సుట్టూ ఊళ్ళే కదా."

కండక్టరు పేరు గణపతిరావు అని తేలింది. వాళ్ళ తాత, నరసింగరావు మేనత్త ఆడపడుచు కొడుకని తేలింది. తేలేటప్పటికి దిగాల్సిన ఊరు వెనకబడిపోయింది. ఆ పూట భోజనం గణపతిరావు ఇంట్లో. కొత్త కోక కట్టుకున్న అప్పలనరసమ్మ, ముందు రోజు దాకా పేరు కూడా తెలియని ఇంట్లో వంకాయలు తరిగింది.

"పెళ్ళేదీ బావా?" అంది తిరిగొస్తూ. పెళ్ళయిననాటి నుంచి ఆయన్ని బావా అనే పిలిచేది.

"పెళ్ళిలో మాత్రం ఏటుంటాదే? సుట్టాలే కదా. ఇక్కడా సుట్టాలే."

విజయనగరంలో డాక్టరు బెన్హర్ గారు ఇంకా పెద్ద పొరపాటు చేశారు. ఆయన చదువుకున్న మనిషి. అయినా నరసింగరావు చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, "మీ కుటుంబంలో ఎవరికైనా షుగరుందా?" అని అడిగారు.

నరసింగరావు మొహం వెలిగింది. ఈ లోకంలో ఎవరూ ఆయన్ని అంత సరైన ప్రశ్న అడగలేదు.

"ఎటేపు నుంచి సెప్పమంటారు బావూ? తల్లేపా, తండ్రేపా?"

"రెండూ చెప్పండి" అన్నారు డాక్టరుగారు, కాగితం వైపు చూస్తూ.

బయట రోగులు ముందు గడియారం చూసుకున్నారు. తర్వాత నర్సుని చూశారు. తర్వాత ఒక్కొక్కరే నయమైనట్టు లేచి ఇళ్ళకి పోయారు. లోపల వంశం నాలుగో తరం దాటి డాక్టరుగారి తాతల ఊరికి చేరింది. డాక్టరుగారి ముత్తవ్వ, తల్లి పాలు అందని నరసింగరావు తండ్రికి చన్నుపాలిచ్చిన మనిషి.

"మీరు చర్చికెళ్తారు, మేం అమ్మవారి కాడికెళ్తాం. పాలు ఒకటే కదా. పాలవరస నెత్తురు వరస కంటే దగ్గిర" అన్నాడు నరసింగరావు. "మీరు కూడా ఓపాలి సుగరు సూపించుకోండి డాట్రుగారూ. మన వంశానికి ఉన్నాది."

బెన్హర్ గారు చూపించుకున్నారు. ఉంది. అప్పటి నుంచి ఏటేటా క్రిస్మసుకి ముంతవలసకి కేకు వస్తుంది. ఇద్దరూ తినకూడదు. అప్పలనరసమ్మ తింటుంది.

ధర్మేంద్ర సంగతి వేరు. అతను వచ్చింది దొంగతనానికి. పొలంలో మోటారు వైరు కోస్తూ దొరికాడు. ఊరివాళ్ళు కరెంటు స్తంభానికి కట్టేసి, ఎవరు ముందు కొట్టాలో తేల్చుకుంటున్నారు. నరసింగరావు వచ్చి మూడు ప్రశ్నలు అడిగాడు. దొంగ రెండిటికి చెప్పాడు. మూడోదానికి ఏడ్చాడు. అతని తల్లి చిన్నప్పుడే పోయింది. కన్నవారి ఊరు అతనికి తెలియదు.

"నాకు తెలుసు" అన్నాడు నరసింగరావు. "మీ అమ్మ రౌతోరి పిల్ల. నాకు సెల్లెలి వరస. కట్లిప్పండి. ఒసే, టీ ఎట్టు."

అది మొదలు ధర్మేంద్రకి తీరిక పోయింది. ఒకరోజు ఒక మావ ఇంట్లో పెళ్ళి, మరునాడు ఇంకో తాతకి పెద్దకర్మ. ఎవరి పొలంలోకి చెయ్యి పెట్టినా అత్తదో పిన్నిదో అయ్యేది. దొంగతనం సాగక మానేశాడు. వైర్లతో అనుభవం ఉంది కాబట్టి లైట్లు, మైకుసెట్టు అద్దెకిచ్చే పని పెట్టుకున్నాడు.

ఇంత చుట్టరికాన్నీ నరసింగరావు ఎక్కడా రాసుకోలేదు. "రాస్తే ఆళ్ళు కాయితం మీద కూకుండిపోతారు. తిరగరు" అనేవాడు. చూసుకోవడానికి ఆయనకి పొలం ఉంది. గట్టు మీద నడుస్తూ మడిమడికీ మనిషిని చెప్పేవాడు. ఇది ఒంటెద్దు తాత మడి. ఒడిశా వైపు నుంచి ఒక్క ఎద్దుతో వచ్చిన మొదటి లెంకవాడు ఆయన. పక్క పొలంవాడు రెండో ఎద్దుని అరువిస్తే దున్నాడు. ఆ పక్క పొలంవాళ్ళు ఈనాటికీ ఎద్దువరస చుట్టాలు. ఇది అలిగిన అప్ప మడి. పుట్టింటి మీద అలిగి పోయిన ఆడపడుచుని బతిమాలి తేవడానికి ఇచ్చింది. అప్ప రాలేదు. మడి మాత్రం పుచ్చుకుంది. ఆవిడ మనవలతో మళ్ళీ వియ్యమంది మడి వెనక్కి తెచ్చుకున్నారు. మొక్కజొన్నలో కలుపు తీయడానికొచ్చిన ఆడవాళ్ళు మధ్యాహ్నానికి వంశం ఆఖరికొచ్చేవారు. కలుపు సగంలోనే ఉండేది.

ఇంత జ్ఞాపకం ఉన్న మనిషికి అప్పుడప్పుడు ఒక చిత్రమైన మరుపు వచ్చేది. పెళ్ళి సంబంధాలవాళ్ళు వచ్చి, ఫలానా పిల్లకీ ఫలానా పిల్లడికీ వరస కుదురుతుందా అని అడిగితే, మామూలుగా వాళ్ళు టీ తాగేలోగా చెప్పేసేవాడు. ఒక్కొక్కసారి మాత్రం ఎదురుగా ఉన్న పిల్ల మొహం చూసి, నేల చూసి, "గురుతు రాటం నేదు. మళ్ళీ వారం రండి" అనేవాడు. మర్నాడు పొద్దున్నే తలకి తువ్వాలు చుట్టుకుని మోపెడ్ మీద ఎటో పోయేవాడు. పొలంలో పనులు అలాగే ఉండేవి. వారం గడిచాక ఎండకి నల్లబడి వచ్చి, "కుదిరింది. మేనరికమే" అని గుమ్మంలోంచే చెప్పేవాడు.

అప్పలనరసమ్మ ఆయన తలకి నీరసం చేసిందనుకుంది. రాత్రి బాదంపప్పులు నానబెట్టి పొద్దున్న తినిపించేది. మరుపు తగ్గలేదు. పెళ్ళిళ్ళ కాలంలో ఎక్కువయ్యేది.

ఇంకొక చిత్రం కూడా ఆవిడ గమనించింది. ఎక్కడెక్కడి చుట్టాలింటికో పోయే మనిషి రామతీర్థం వైపు మాత్రం వెళ్ళడు. ఆ కొండ మీద రాములవారిని చూడాలని ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. "దారి బాగోదే" అనేవాడు. దారి తారురోడ్డయింది. "దుమ్ము నేదు గానీ ఎండ" అనేవాడు. చలికాలం వచ్చింది. "మరోపాలి" అనేవాడు.

విశాలి, అప్పలనరసమ్మ తమ్ముడు ఉమాశంకర్ కూతురు. గజపతినగరం పక్క పల్లెలో ఉంటారు. పిల్ల రైతు సేవా కేంద్రంలో ఉద్యోగం చేస్తుంది. యుగంధర్ అనే కుర్రవాడు ఆ చుట్టుపక్కల పొలాలకి డ్రోనుతో మందు కొడతాడు. ఆ డ్రోను అవసరానికి మించి రైతు సేవా కేంద్రం మీదుగా తిరగడం ముందు రైతులు చూశారు, తర్వాత ఉమాశంకర్ చూశాడు. పిల్లడు బాగున్నాడు, కష్టపడేవాడు. రెండిళ్ళవాళ్ళూ సరేనన్నారు. తాంబూలాలకి రోజు పెట్టుకున్నారు.

దానికి ముందు విశాలి ఒక్కర్తీ ముంతవలస వచ్చింది. నరసింగరావు పొలంలో ఉండగా వంటింట్లో పీట మీద కూర్చుంది.

"అత్తా, నువ్వు నాకో సాయం సెయ్యాల. మావకి ఆళ్ళ ఊరూ పేరూ ఏటీ సెప్పకు."

"ఎందుకే?"

"మావ తవ్వితే ఏటి బయటపడతాదో. అన్నాసెల్లెళ్ళ వరసంటే నా పని అయిపోనట్టే. ఆళ్ళ నాయనమ్మకి వరసలంటే మా పట్టింపు."

"ఓలమ్మ, మీ మావ అంత సెడ్డోడేటే?"

"సెడ్డోడు కాదత్తా. తెలిసినోడు. అదే బయం."

అప్పలనరసమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోవడం తేలిక. కుర్రవాడి గురించి నరసింగరావు రోజూ అడిగేవాడు.

"ఏ ఊరంటావు?"

"డ్రోను ఉన్నాదంట బావా."

"డ్రోను సరే. కన్నోరిది?"

"గాలిలో తిరిగేవోడికి ఊరేటి? తిను."

ఆయనకి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టి నోరు మూయించేది. తాంబూలాల నాటికి ఆయన బరువు పెరిగాడు.

ఆ రోజు ఉమాశంకర్ ఇంటి ముందు షామియానా వేశారు. లైట్లు, మైకు ధర్మేంద్రవి. అప్పలనరసమ్మ భర్తని వంటవాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, "సాంబారు సూసుకో, కదలకు" అని చెప్పింది. పెళ్ళికొడుకు వాళ్ళ వ్యాను వచ్చింది. ముందుగా ఒక ముసలావిడ దిగింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. యుగంధర్ నాయనమ్మ పోలమ్మ. "రామతీర్థం నుంచి వస్తన్నాం, నడుం ఇరిగిపోనాది" అంటూ కుర్చీ వెతుక్కుంది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది అప్పలనరసమ్మకి. ఎక్కడో గుర్తు రాలేదు.

వెనక్కి చూస్తే నరసింగరావు సాంబారు గుండిగ వెనక వంగి కూర్చుని ఉన్నాడు. కొత్త మనిషి కనబడగానే ఎదురెళ్ళే మనిషి దాక్కోవడం ఆవిడ మొదటిసారి చూసింది.

"ఏటి బావా, ఒంట్లో బాగోనేదా?"

"ఎండే."

ఆ పూట మబ్బుగా ఉంది. మంచిదే, కుదురుగా ఉన్నాడనుకుని ఆవిడ తమలపాకులు కడగడానికి వెళ్ళింది. అదే పొరపాటు.

పోలమ్మ పందిట్లో ఆ కొసన కూర్చుంది. కాసేపటికి నరసింగరావు మెల్లగా ఈ కొసకి వచ్చి కూర్చున్నాడు. ధర్మేంద్ర వచ్చి, "మావా, దీన్ని కాసేపట్టుకో. ఆపీసినాను" అని మైకు చేతికిచ్చి పోయాడు. పక్క కుర్చీలో యుగంధర్ తల్లి కూర్చుని ఉంది. నెమ్మదైన మనిషి. ఆవిడ తలొంచుకుని చెంగుతో విసురుకుంటోంది. నరసింగరావు అటు చూశాడు, ఇటు చూశాడు. చేపని నీళ్ళ పక్కన పెట్టినట్టయింది.

"ఏమనుకోకమ్మా. మీ కన్నోరిది ఏ ఊరు?"

ఆ మాట రెండు సౌండు బాక్సుల్లోంచి పందిరంతా వినబడింది. మైకు ఆపలేదు.

"బూరాడపేట బావూ."

"మీ అమ్మగారిదో?"

"నూకివాడ."

"నూకివాడలో కోరాడోరి సూరమ్మ కూతురు కదూ మీ అమ్మ?" ఆయన గొంతులో సంతోషం. తమలపాకులు కడుగుతున్న అప్పలనరసమ్మ చేతులు ఆగిపోయాయి. "సూరమ్మకి సొంత సెల్లెలు ఒకావిడుంది. గౌరమ్మ. గౌరమ్మకి ఒకర్తే కూతురు. ఆ కూతురెవులనుకున్నావు, మన విశాలికి అమ్మమ్మ..."

అక్కడ ఆగాడు. జీవితంలో ఒక వరస చెప్తూ మధ్యలో ఆగడం అదే మొదలు.

మైకు కాసేపు గాలిని వినిపించింది.

పందిరి ఆ కొస నుంచి పోలమ్మ గొంతు వచ్చింది. ఆవిడకి మైకు అవసరం లేదు.

"అమ్మమ్మలిద్దరూ అప్పాసెల్లెళ్ళు. తల్లులిద్దరూ అప్పాసెల్లెళ్ళు. అయితే ఈళ్ళిద్దరూ?"

అక్కడున్న చిన్నపిల్లలకి కూడా జవాబు తెలుసు.

యుగంధర్ చెమట తుడుచుకున్నాడు. విశాలి ఏడవలేదు. గుమ్మంలో నిలబడి అత్త వైపు చూసింది, చెప్పాను కదా అన్నట్టు. ఆ చూపుకి అప్పలనరసమ్మకి సాంబారు గుండిగలో తలదాచుకోవాలనిపించింది.

"వచ్చినోళ్ళం. తినీసి ఎల్తాం" అంది పోలమ్మ. "తాంబూలాలు ఇంకా మార్సుకోనేదు కదా."

నరసింగరావు లేచాడు. "తినండి సిన్నమ్మా. తినేలోగా నాను సూస్తాను."

సిన్నమ్మా? అనుకుంది అప్పలనరసమ్మ. ఒక్క ప్రశ్నయినా అడక్కుండా ఈవిడ ఈయనకి చిన్నమ్మ ఎలా అయింది?

బంతులు వేశారు. నరసింగరావు సాంబారు బకెట్టు పట్టుకున్నాడు. ఆయన వడ్డిస్తున్నాడని అందరూ అనుకున్నారు. ఆయన వెతుకుతున్నాడు.

"సాంబారెయ్యమంటావా? మీ అమ్మ కన్నోరిది ఏ ఊరు?"

"కొంచెమెయ్యి. పెదగుడివాడ."

"పెదగుడివాడలో ఎవులు? బొంతోరా?"

"కాదు, గెద్దోరు. సాలు సాలు. మావా, అది పెరుగు."

గెద్దవారి దారి రెండూళ్ళు వెళ్ళి ఆగిపోయింది. బొంతువారి దారి తిరిగి నూకివాడకే వచ్చింది. ఒక పెద్దాయన దారి చాలా దూరం బాగా వెళ్ళింది, కానీ చివర విశాలి యుగంధర్‌కి అత్త అయింది. నరసింగరావు ఆయన ఆకులో ఇంకో గరిటె పోసి ముందుకు నడిచాడు. పాయసంలో సాంబారు పడినవాళ్ళు, కూర మీద సాంబారు పడినవాళ్ళు, వద్దంటే పడినవాళ్ళు ఉన్నారు. అయినా అందరూ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పారు.

ధర్మేంద్ర అప్పలనరసమ్మ పక్కన నిలబడి చూస్తున్నాడు.

"దొరుకుతాదత్తా. బెంగపడకు. మా సెల్లి పెళ్ళికీ ఇలగే అయింది. ముందు గురుతు రాటం నేదన్నాడు. మోపెడేసుకుని ఊళ్ళన్నీ తిరిగి, మా పిల్లకి సరిపడే వరస అట్టుకొచ్చినాడు."

"మీ సెల్లికా?"

"సెల్లీ మా బావా ముందే ఇష్టపడ్డారు కదా. తిన్నగా సూస్తే కుదరదు. మావ తిరిగొచ్చినాక కుదిరింది."

అప్పలనరసమ్మ చేతిలో జగ్గు వంగిపోయి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ఆవిడ చూసుకోలేదు. గణపతిరావు చెల్లెలు జ్ఞాపకం వచ్చింది. ఆ పిల్ల వచ్చినప్పుడూ గురుతు రాటం నేదన్నాడు. ఎద్దువరస వాళ్ళ చిన్నవాడు. అప్పుడూ అంతే. మరుపు వచ్చిన ప్రతిసారీ ఒక పెళ్ళి జరిగింది. ఆవిడ ఇంట్లో బాదంపప్పులు ఖర్చయ్యాయి.

నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆయన ఖాళీ బకెట్టుతో నిలబడి ఉన్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది.

"బావా. దారి దొరకనేదా?"

"ముందే నాతో సెప్పుంటే నెమ్మదిగా తీసుందును. నూకివాడ అడ్డమొస్తాదని తెలిస్తే నోరు తెరుద్దునా?"

"తప్పయిపోనాది. ఇప్పుడు నేదా, దారి?"

ఆయన బకెట్టులోకి చూశాడు. "ఒకటి ఉన్నాది."

"మరి సెప్పు."

"దాన్ని కదపకూడదే."

"ఎందుకు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ వయసులో చెవులు ఎర్రబడడం అప్పలనరసమ్మ ఎక్కడా చూడలేదు.

"ఏ దారైతే ఏటి బావా? పిల్ల మొగం సూడు."

ఆయన చూశాడు. విశాలి ఎవరి ఆకులోనో అప్పడం వేస్తోంది. ఆ ఆకులో అప్పటికే నాలుగు అప్పడాలున్నాయి. ఆకు యుగంధర్‌ది. అతను తినడం లేదు.

నరసింగరావు బకెట్టు కింద పెట్టాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతులు తుడుచుకున్నాడు. పోలమ్మ పెరుగన్నంలో ఉంది. వెళ్ళి ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ధర్మేంద్రా, ముందు మైకు ఆపరా."

"ఆపీసినాను మావా" అన్నాడు ధర్మేంద్ర. ఆ మాట కూడా సౌండు బాక్సుల్లోంచే వచ్చింది. నరసింగరావు వినిపించుకోలేదు. ఆయన వేరే భయంలో ఉన్నాడు.

"సిన్నమ్మా. మా సిన్నాన్నకి, అదే మీ ఆయనికి, ఒక అప్ప ఉండాల."

"ఉండేది. సీతమ్మ."

"సీతమ్మా, మా అప్పలనరసమ్మ తల్లీ సిన్నప్పుడు శివరాత్రి తీర్థంలో నేస్తం కట్టినారు. రామతీర్థం కొండ కింద. పసుపు రాసుకుని, కొత్త కోకలు మార్సుకున్నారు. మన కాడ నేస్తమంటే తోడబుట్టినట్టే కదా. అంటే మా అత్త మీ ఆయనికి సొంత సెల్లెలి లెక్క. మీ మనవడికి తాత సెల్లెలు. విశాలి ఆవిడ మనవరాలు. బావామరదళ్ళు." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "నూకివాడ దారి నాలుగూళ్ళు తిరిగి రావాల. ఇది దగ్గిర దారి."

పోలమ్మ వేళ్ళు నాక్కుంది.

"ఈ నేస్తం మాట నీకెవులు సెప్పినారు?"

"మా సిన్నాన్నే."

"ఎప్పుడు?"

"నా పెళ్ళికి ముందు."

"ఎందుకు సెప్పినాడో?"

నరసింగరావు నేల చూశాడు. లోకంలో అందరి వరసలూ చెప్పే మనిషికి తన వరస నోట రాలేదు. పోలమ్మ అప్పలనరసమ్మ వైపు తిరిగింది.

"అమ్మీ, ఇలా రా. నువ్వు ఈడికి ఏటవుతావు?"

"మరదల్ని."

"అది సుట్టూ తిరిగొచ్చినాక. తిన్నగా వస్తే నువ్వు ఈడి తల్లికి సెల్లెలివి. ఈడికి పిన్నివి."

పిన్నివి అనే మాట సౌండు బాక్సుల్లోంచి బయల్దేరి రోడ్డు దాకా వెళ్ళింది. రోడ్డు మీద పోతున్న ఆటో ఆగింది.

"మీ కళ్ళంలో నూర్పిళ్ళప్పుడు నిన్ను ఓపాలి సూసినాడంట" అంది పోలమ్మ, తీరిగ్గా. "పిన్ని వరసని ఇంట్లో గసిరినారు. ఇంక ఊరుకున్నాడా? ఊళ్ళంట పడ్డాడు. కనబడినోణ్ణల్లా ఏ ఊరు, ఇంటిపేరేటి, మీ అమ్మ కన్నోరిది ఏ ఊరు. ఆ ఏసవంతా అదే. నిన్ను మరదల్ని సేసీ దారి ఎవుల కాడైనా ఉంటాదేమో అని. ఆఖరికి మా ఇంటికొచ్చి మా ఆయన ముందు కూకున్నాడు. ఇదిగో, ఇలగే గొంతుక్కూకున్నాడు. మా ఆయన కాసేపు ఈడి మొగం సూసినాడు. నేస్తం కట్టినారు, నిజమే అన్నాడు. కాదనడానికి ఆ ఇద్దరూ అప్పటికే నేరు. పిల్ల దొరికింది గానీ రోగం తగ్గనేదు."

అప్పలనరసమ్మకి ఆ గొంతు ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. పీటల మీద కూర్చున్నప్పుడు వెనక ఎవరో ఆడమనిషి ఆపకుండా నవ్వింది. ఎందుకు నవ్విందో ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఉమాశంకర్ ముందుకొచ్చాడు. "మరి నిజంగా నేస్తం కట్టినారా అమ్మా?"

"నాను సూడనేదు నాయనా" అంది పోలమ్మ. "కట్టనేదని కూడా సూడనేదు. కట్టనేదంటే సెప్పు, నూకివాడ దారంటే ఇంటికెళ్ళిపోతాం. కానీ అప్పుడు ఈళ్ళ కాపరాన్ని ఏటి సేద్దాం? పిల్లలూ, మనవలూ ఉన్నారు."

పందిట్లో అందరూ లెక్క వేసుకున్నారు. నరసింగరావు చుట్టరికం తేల్చినవాళ్ళే అందరూ. ఆయన పెళ్ళి చెడితే ఎవరి పెళ్ళి మిగులుతుందో ఎవరికీ అంతు చిక్కలేదు. ఎవరో కంగారుగా, "కట్టినారు, కట్టినారు" అన్నారు. నాలుగు వైపుల నుంచీ, "మా అమ్మ కూడా సెప్పేది" అన్నారు.

పోలమ్మ ఆకు మడిచి లేచింది. "మా ఆయన అవునన్నాడు. అవునే. తాంబూలాలు తెండి."

"ఇందాకే సెప్పొచ్చు కదా సిన్నమ్మా" అన్నాడు నరసింగరావు, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ.

"నువ్వే సెప్తావని సూస్తన్నాను. నాను నోరు జారతానని కదా నా గుమ్మం తొక్కడం మానీసినావు? ఊరందరికీ సుట్టానివి, నాకు మాత్రం నేదు. ఆ సాంబారు మొయ్యడం సరిపోనాది నీకు."

తాంబూలాలు మార్చుకున్నారు. యుగంధర్ అయిదు అప్పడాలూ తిన్నాడు. విశాలి వచ్చి నరసింగరావు కాళ్ళకి దండం పెట్టింది. "మావా, నన్ను సెమించు" అంది. "సెమించడం సరే గానీ" అన్నాడాయన, "మీ డ్రోను తయారుసేసినోడిది ఏ ఊరే?"

ధర్మేంద్ర అప్పుడు మైకు ఆపాడు.

ముంతవలస వచ్చేసరికి ఇంకా పొద్దుంది. దారిలో అప్పలనరసమ్మ పలుకుతుందేమోనని నరసింగరావు రెండుసార్లు దగ్గాడు. ఇంటికి రాగానే ఆవిడ వంటింట్లోకి వెళ్ళలేదు. అరుగు మీద ఆయన కుర్చీలో కూర్చుంది. కాళ్ళు చాపింది. అక్కణ్ణించి రోడ్డు ఎంత బాగా కనబడుతుందో ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు.

ఆయన స్తంభం పక్కన నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా?"

"ఆ ఏసవంతా తిరిగినావా?"

"తిరిగినాను."

"నడిసేనా?"

"అప్పుడు సైకిలు కూడా నేదు."

ఆవిడ రోడ్డు చూసింది. కరెంటు మీటరు రీడింగు తీసే కుర్రవాడు సంచీ తగిలించుకుని వస్తున్నాడు. ఈ ఊరికి కొత్త. నరసింగరావు నోరు దానంతటదే తెరుచుకుంది. ఆవిడ వైపు చూసి మూసుకున్నాడు.

"అడుగు" అంది అప్పలనరసమ్మ. "మనోడే అయుంటాడు."

ఆయన అడగబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. కుర్చీలో ఇంకొంచెం వెనక్కి వాలింది.

"ముందు లోపలికెళ్ళు. ఒరే అబ్బాయ్, పిన్నికి టీ ఎట్టు. ఆ బాబుకి కూడా."

నరసింగరావు లోపలికి వెళ్ళాడు. గిన్నెలు పడిన చప్పుడయింది. తర్వాత డబ్బా మూతల చప్పుడు. చాలా మూతలు. ఊళ్ళో ప్రతి ఇంటి అమ్మమ్మల కన్నవారి ఊళ్ళు తెలిసిన మనిషి వంటింట్లోంచి చిన్న గొంతుతో అడిగాడు.

"ఏమే, పంచదార ఎక్కడున్నాది?"

"మెంతుల డబ్బా తెలుసునా?"

"తెలీదు."

"దాని తోడికోడలు ఉప్పుడబ్బా. ఉప్పుడబ్బాకి మేనత్త టీపొడి. ఆ టీపొడికి వియ్యపురాలు పంచదార. ఎతుక్కో" అంది అప్పలనరసమ్మ. "నీకు దారులు తెలుసు కదా. రేపు రామతీర్థం దారి కూడా సూద్దాం."